ఖర్చు పెరిగింది, వినియోగం తగ్గింది: ఈ లెక్కలే వృత్తిగా ఎంచుకోవాలంటే

ప్రశ్న: నేను బి.ఏ. ఎకనామిక్స్ చివరి సంవత్సరం చదువుతున్నాను. కుటుంబాల ఖర్చు పెరిగిందని ఒక వార్తలో, ద్రవ్యోల్బణాన్ని మినహాయిస్తే తగ్గిందని మరో వార్తలో చదివాను. ఇటువంటి సూచికలను రూపొందించే పనిలోకి వెళ్లాలని ఉంది. పీజీలో ఎకనామిక్స్ తీసుకోవాలా, స్టాటిస్టిక్స్ తీసుకోవాలా?

జవాబు: మీరు చదివిన రెండు వార్తలూ ఒకేసారి నిజం కావచ్చు. ఏడాదిలో కుటుంబాల ఖర్చు 5 శాతం, ధరలు 7 శాతం పెరిగాయనుకుంటే, ఎక్కువ డబ్బు చెల్లించి తక్కువ వస్తువులు, సేవలు పొందారన్నమాట. గత ఏడాది ఖర్చు, ధరలు రెండింటినీ 100 అనుకుని, 105ను 107తో భాగిస్తే వాస్తవ వ్యయం, అంటే ధరల పెరుగుదలను మినహాయించిన ఖర్చు, సుమారు 1.9 శాతం తగ్గినట్లు తేలుతుంది. చాలామంది విద్యార్థులు ఒక శాతంలోంచి మరొకటి తీసివేసి సరిపెట్టుకుంటారు. అంకెలు చిన్నవైతే తేడా అంతగా కనిపించదు గానీ, ఖర్చు 50 శాతం, ధరలు 60 శాతం పెరిగిన చోట తీసివేత 10 శాతం తగ్గుదల చూపుతుంది, అసలు తగ్గుదల 6.25 శాతమే.

అమెరికా స్థూల దేశీయోత్పత్తిలో సుమారు మూడింట రెండు వంతులు కుటుంబాల వినియోగ వ్యయమే కాబట్టి, అటువంటి ఆర్థిక వ్యవస్థల్లో వడ్డీ రేట్లు నిర్ణయించేవారు ఈ సూచికను ఎందుకు గమనిస్తారో వేరే చెప్పనక్కరలేదు.

భాగహారం కంప్యూటరు చేస్తుంది. దేనితో భాగించాలో తేల్చడమే నిపుణుల పని. జపాన్ గణాంక బ్యూరో ప్రతి నెలా దాదాపు 9 వేల కుటుంబాల నుంచి ఖర్చుల పద్దులు సేకరించి వాస్తవ వ్యయాన్ని ప్రకటిస్తుంది. సొంత ఇంట్లో ఉంటున్నవారు అదే ఇంటికి అద్దె ఇవ్వాల్సి వస్తే ఎంత అయ్యేదో లెక్క కోసం అంచనా వేస్తారు. ఆ ఊహాజనిత అద్దెను, ఇందుకు వాడే ధరల సూచీ (ధరల సగటు మార్పును చూపే అంకె) నుంచి తొలగిస్తారు. ఆ అద్దెను ఎవరూ ఎవరికీ చెల్లించరు, పద్దులో రాయరు. దాన్ని సూచీలో ఉంచితే లవంలో లేనిది హారంలో ఉన్నట్లవుతుంది. జాతీయాదాయ లెక్కల్లో మాత్రం అదే అద్దెను వినియోగంలో కలుపుతారు కనుక అక్కడ తొలగించడమే పొరపాటు. అంతేకాదు, సాధారణ ధరల సూచీలో ఎక్కువ ఖర్చు చేసే కుటుంబాలకే ఎక్కువ వెయిటేజీ దక్కుతుంది. అందువల్ల నిత్యావసరాల ధరలు మిగతావాటికన్నా వేగంగా పెరిగిన ఏడాదిలో పేద కుటుంబాల వాస్తవ వ్యయం ఎంత పడిపోయిందో సగటు అంకె చెప్పలేదు. నా దృష్టిలో ఈ రంగంలో చేయాల్సిన పని ఎక్కువగా మిగిలి ఉన్నది ఇక్కడే.

అంకె సరైనదైనా దాన్ని చదవడంలో జాగ్రత్త కావాలి. జపాన్ 2014 ఏప్రిల్‌లో వినియోగ పన్నును 5 నుంచి 8 శాతానికి పెంచినప్పుడు జనం ముందే కొనుగోళ్లు ముగించుకోవడంతో మార్చిలో వాస్తవ వ్యయం ఒక్కసారిగా ఎగసి, ఆ తర్వాత పడిపోయింది. మార్చి అంకెను మాత్రమే చూసినవారు ఆర్థిక వ్యవస్థ పుంజుకుందని పొరబడే అవకాశం ఉంది.

కాబట్టి సూచికలను తయారుచేయాలనుకుంటే స్టాటిస్టిక్స్ వైపు మొగ్గు చూపమంటాను. జాతీయ గణాంక సంస్థల్లో శాంపిల్ ఎంపిక, సూచీ సంఖ్యల నిర్మాణం తెలిసినవారికి ప్రాధాన్యం ఉంటుంది. ఖర్చు ఎందుకు తగ్గింది, ఆదాయం తగ్గిందా, జనం పొదుపు పెంచారా అన్న ప్రశ్నలే మిమ్మల్ని ఆకర్షిస్తే ఎకనామిక్స్‌లోనే కొనసాగి, ఎకనామెట్రిక్స్‌ను (ఆర్థిక ప్రశ్నలకు గణాంక పద్ధతులను వాడే శాస్త్రం) గట్టిగా చదవండి. కేంద్ర బ్యాంకుల పరిశోధన విభాగాల్లో ఆ చదువు పనికొస్తుంది. 2015లో నోబెల్ అందుకున్న ఆంగస్ డీటన్ ఆర్థికవేత్తే అయినా, ఆయన కృషిలో చాలా భాగం కుటుంబ సర్వేల మీదే సాగింది. డిగ్రీలో గణితం లేకపోతే స్టాటిస్టిక్స్ ప్రవేశం కొన్నిచోట్ల కష్టం కావచ్చు, అర్హతల నిబంధనలు ముందే చూసుకోండి.

దరఖాస్తు చేసేలోగా ఏదైనా దేశపు గణాంక సంస్థ ఉచితంగా ఇచ్చే కుటుంబ వ్యయం, ధరల సూచీ పట్టికలను దించుకుని, వాస్తవ వ్యయాన్ని ఆర్ (R) లేదా పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో మీరే లెక్కగట్టి, ఆ సంస్థ ప్రకటించిన అంకెతో పోల్చండి. బహుశా రెండూ సరిగ్గా కలవవు. ఆ తేడా ఎక్కడ వచ్చిందో వెతకడం మీకు నచ్చితే స్టాటిస్టిక్స్‌కే దరఖాస్తు పంపండి.