పెరట్లో నిలిచే వాననీళ్ళకి గొట్టం, కంకర, బట్ట: మేం రెండుసార్లు చేయించిన పని

విశాఖ మధురవాడలో కొండవాలున ఇల్లు, వాన వెలిసి మూడు రోజులైనా పెరట్లో పాదం మునిగే నీళ్ళు, చిల్లుల పైపు పూడ్చి కంకర పోస్తే పోతాయా అని అడిగారు. పోతాయండి. మాది అడవివరం, సింహాచలం కొండ కిందే. వాన ఆగినా కొండ నుంచి ఊట వస్తూనే ఉంటుంది. మొదటిసారి చేయించింది పాడైపోయి మళ్ళీ తవ్వించాను కాబట్టి ఈ పని ఎక్కడ చెడుతుందో నాకు బాగా తెలుసు.

ముందు పైపు కొనకండి, నీళ్ళు ఎక్కడికి పంపుతారో తేల్చుకోండి. మేస్త్రీల దగ్గర నీళ్ళు నింపిన లెవెల్ ట్యూబ్ ఉంటుంది కదా, దాని ఒక కొస నీళ్ళు నిలిచే చోట, ఇంకో కొస వీధి కాలువ దగ్గర పట్టుకుంటే తేడా తెలిసిపోతుంది. మా ఇల్లు కట్టినప్పుడు వాస్తు ప్రకారం వాలు ఈశాన్యానికి పెట్టారు, వీధి కాలువేమో పడమర వైపు ఉంది, దాంతో నీళ్ళన్నీ ఈశాన్యం మూలకి చేరి అక్కడే ఉండిపోయేవి. పైపుకి 8 అడుగులకి ఒక అంగుళం వాటం ఉండాలి. మాకు 48 అడుగుల దూరం, అంటే 6 అంగుళాలు. కందకం మొదట్లో అడుగున్నర లోతు, కాలువ దగ్గరికొచ్చేసరికి రెండడుగులు అయింది, కాలువ అడుగు భాగం అంతకన్నా కింద ఉంది కాబట్టి సరిపోయింది. మీ కాలువే పెరడు కన్నా ఎత్తులో ఉంటే ఈ పని దండగ, మట్టి తోలించి పెరడు ఎత్తు చేసుకోవడమే మేలు. ఇంకుడు గుంత తవ్వుదామనుకుంటే ముందు అడుగు లోతు గొయ్యి తీసి నీళ్ళు నింపండి, ఇంకాక మళ్ళీ నింపండి, ఆ రెండోసారి పోసినవి తెల్లారేదాకా అలాగే ఉంటే మీ నేల తాగదని అర్థం.

మొదటిసారి మా మేస్త్రీ పైపుకి ఆకుపచ్చ షేడ్ నెట్ చుట్టి, దుమ్ముతో ఉన్న కంకర అలాగే పోసి మట్టి కప్పేశాడు. రెండేళ్ళు పనిచేసింది. మూడో ఏడు అక్టోబర్ వానలకి మళ్ళీ మడుగే. తవ్వి పైపు కోసి చూస్తే లోపల ముప్పావు వంతు ఎర్రమట్టి, తడి కుంకుమ ముద్దలా మెత్తగా పేరుకుపోయి ఉంది, ఒక్క చిల్లు కూడా తెరిచి లేదు. పెట్టిన డబ్బంతా మట్టిలో పోయిందని చాలా బాధపడ్డాం.

అందుకే బట్ట విషయంలో మాత్రం రాజీ పడకండి. జియోటెక్స్‌టైల్ అని అడగండి, నీళ్ళని వదిలి మట్టిని ఆపే బట్ట అది, అందులో నాన్‌వోవెన్ (నేయని) రకం, చేతికి దుప్పటిలా మెత్తగా తగులుతుంది. షాపులోనే గ్లాసు నీళ్ళు పోసి చూడండి, వెంటనే కిందకి దిగిపోవాలి. కలుపు రాకుండా పరిచే నల్లటి మెరుపు పట్టా వద్దు, టార్పాలిన్ అసలే వద్దు. జియోటెక్స్‌టైల్‌ని పైపుకి చుట్టకండి, కందకం అడుగున, రెండు గోడలకీ పరచండి. పైపుకి చుడితే ఆ కాస్త చోటూ త్వరగా పూడుకుపోతుంది, కందకమంతా పరిస్తే మట్టి బయటే ఆగిపోయి నీళ్ళు చాలా మేర నుంచి లోపలికి వస్తాయి.

ఇంకో సంగతి, మన దగ్గర గ్రావెల్ అంటే చాలామంది పునాదుల్లో నింపే ఎర్రమట్టి అనుకుంటారు, లారీ తెచ్చి అదే దింపేస్తారు. 20 ఎంఎం కంకర అని గట్టిగా చెప్పండి. అది వచ్చాక కడగాలి. అమ్మా నేనూ తట్టల్లో పోసి కడిగాం, మొదటిసారి నీళ్ళు సిమెంటు పాలలా వచ్చాయి, మూడోసారికి గానీ తేటపడలేదు. రెండు రోజులు నడుం పట్టేసింది కానీ ఆ పని మానకండి.

అడుగున రెండంగుళాలు కంకర, దానిమీద 4 అంగుళాల పీవీసీ పైపు. చిల్లులు కింది వైపుకే ఉండాలి, గడియారంలో నాలుగు, ఎనిమిది అంకెలు ఉండే చోట. పైకి పెట్టాలని మా మేస్త్రీ వాదించాడు, కానీ కందకంలో నీళ్ళు అడుగు నుంచే కదా పైకి లేస్తాయి, కింద చిల్లులుంటేనే తొందరగా పైపులోకి దిగుతాయి. పైన మళ్ళీ కంకర పోసి, బట్ట రెండు అంచులూ ఒకదానిమీద ఒకటి అడుగు మేర వచ్చేలా మడిచి, ఇసుక, మట్టి వేశాం. పైపు మొదలు దగ్గర T ఆకారం జాయింటు ఒకటి పెట్టి నిలువు పైపు పైకి తెచ్చి మూత బిగించాం, ఏడాదికోసారి అందులోంచి నీళ్ళు కొట్టి కడుగుతాం.

డాబా మీది నీళ్ళు ఈ చిల్లుల పైపులో కలపకండి, వాటికి చిల్లుల్లేని పైపు వేరుగా వేయండి. యూజీడీ (భూగర్భ డ్రైనేజీ) మ్యాన్‌హోల్‌లోకి అసలు వదలకండి, అది మురుగు కోసం, జోరువానకి వెనక్కి తన్నితే బాత్రూంలోకి వస్తుంది. గోడకి మూడు నాలుగు అడుగులు వదిలి తవ్వండి, కొబ్బరిచెట్టుకి ఇంకా దూరంగా. తుపాన్ల కాలం రాకముందే, ఎండాకాలంలోనే చేయించుకోండి.

ఇప్పుడు మాకు ఎంత వాన పడ్డా సాయంత్రానికి పెరట్లో నడవొచ్చు. వాన ఆగిన రెండో రోజు కూడా కాలువ దగ్గర గొట్టం చివర పెన్సిల్ మందాన తేట నీటి ధార పడుతూ ఉంటుంది, అది కొండ ఊట. మీరు ట్యూబ్‌తో కొలిచాక పెరటికీ కాలువ అడుగుకీ ఎన్ని అంగుళాల తేడా వచ్చిందో, దూరం ఎంతో ఇక్కడ రాయండి, లోతు లెక్క వేసి చెప్తాను.