ఫోన్ వదలలేను, పని మొదలుపెట్టలేను. నాలో డోపమైన్ తగ్గిపోయిందా?

తగ్గిపోయిందని అంత సులువుగా చెప్పలేం. డోపమైన్‌ని ఆనందాన్నిచ్చే రసాయనం అంటారు గానీ, అది ఎక్కువగా చేసే పని ‘ఇది కావాలి, కదులు’ అని తొందరపెట్టడం.

మెదడు శాస్త్రవేత్త వుల్ఫ్‌రామ్ షుల్ట్జ్ కోతుల మీద చేసిన ప్రయోగాలు చూడండి. మొదట్లో నోట్లో పళ్లరసం పడగానే మధ్యమెదడులో డోపమైన్‌ని విడుదల చేసే కణాలు చురుగ్గా స్పందించేవి. రసానికి ముందు దీపం వెలుగుతుందని కోతి నేర్చుకున్నాక, ఆ స్పందన దీపానికి మారిపోయింది. దీపం వెలిగినా రసం రాకపోతే, సరిగ్గా ఆ వేళకి కణాల చురుకు పడిపోయేది. అంటే అనుకున్నదానికీ దొరికినదానికీ ఎంత తేడా ఉందో మెదడు లెక్క వేస్తోందన్నమాట.

బెంగళూరు మారతహళ్లి పీజీలో మా తమ్ముడు ఫోన్ బోర్లా పెట్టి చదవడానికి కూర్చుంటాడు. మంచం మీద అది ఒక్కసారి గుర్రుమంటే చాలు, చెయ్యి దానంతటదే వెళ్తుంది. చూస్తే ఏదో ఆఫర్ మెసేజ్. అయినా మళ్లీ తీస్తాడు, ఎప్పుడో ఒకసారి నిజంగానే మంచి కబురు ఉంటుంది కాబట్టి. ఎప్పుడొస్తుందో తెలియని బహుమతే మనల్ని గట్టిగా పట్టుకుంటుంది. వాడిది బద్ధకం కాదని ఇంట్లో చాలాసార్లు చెప్పాను.

డోపమైన్ నిజంగానే తగ్గిపోయే జబ్బు పార్కిన్సన్స్, అందులో డోపమైన్ కణాలు చనిపోతాయి. వణుకుతో పాటు చాలామందికి దేని మీదా ఆసక్తి ఉండదు. డిప్రెషన్‌ని మాత్రం ఒక్క డోపమైన్‌కే అంటగట్టకూడదు. నిద్ర, టెన్షన్, జన్యువులు అన్నీ కలుస్తాయి.

ఫోన్ ఇంకో గదిలో పెట్టి, 10 నిమిషాల చిన్న పనితో మొదలుపెట్టండి. 2 వారాలు దాటినా దేని మీదా ఇష్టం లేకపోతే ఆలస్యం చేయకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు.