గోల్ఫ్‌లో ఆరడుగుల పుట్‌లు కుడివైపు జారుతుంటే

పుట్ అంటే హోల్ దగ్గర బంతిని గడ్డి మీద దొర్లించే దెబ్బ. మీరు కుడిచేతి వాటం అయితే, చాలావరకు మీ లైన్ (బంతి వెళ్లాల్సిన దారి) తప్పు కాదు, పుటర్ (పుట్‌కి వాడే కర్ర) ఫేస్, అంటే బంతికి తగిలే ముఖం, తెరుచుకుంటోంది, అంటే కుడివైపు తిరుగుతోంది. బంతి ఎటు బయలుదేరాలో ఎక్కువగా నిర్ణయించేది ఫేసే, స్వింగ్ దారి కాదు. హోల్ వ్యాసం 4.25 అంగుళాలే. ఆరడుగుల నుంచి ఫేస్ 2 డిగ్రీలు తెరుచుకుంటే బంతి రెండున్నర అంగుళాలు పక్కకు పోతుంది. అంటే మిస్సే.

1. చాలామంది ముందు కాళ్లు సర్దుకుని, తర్వాత పుటర్ పెడతారు. అలా చేస్తే ఫేస్ ఒంటిని బట్టి తిరిగిపోతుంది. ఈ వరుసను తారుమారు చేయండి: బంతి వెనక నిలబడి లైన్ చూడండి, ముందు ఫేస్‌ని దానికి గురి పెట్టండి, ఆ తర్వాతే పుటర్ కదలకుండా కాళ్లు సర్దుకోండి. బంతి మీద మార్కర్‌తో గీత గీసుకుని లైన్ మీద పెడితే ఇంకా తేలిక. (రూల్స్ ఒప్పుకుంటాయి, మొహమాటం వద్దు.)

2. ప్రాక్టీస్ గ్రీన్‌లో (పుట్‌లు సాధన చేసే గడ్డిలో) వాలు లేని చోట బంతికి అడుగు ముందు రెండు టీలు (బంతిని నిలబెట్టే చిన్న పుల్లలు) గుచ్చండి, మధ్యలో బంతి కంటే కాస్త ఎక్కువ ఖాళీ. కుడి టీకి తగులుతుంటే ఫేస్ ఇంకా తెరుచుకుంటున్నట్టే.

3. బంతి హోల్‌లో పడ్డ చప్పుడు వినేదాకా తల ఎత్తొద్దు.

కొత్త పుటర్ ఇప్పుడే కొనకండి.