30 వేలలోపు మంచి టోన్ ఉన్న హాలో బాడీ ఎలక్ట్రిక్ గిటార్ ఏది తీసుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: విశాఖలో ఉంటారు, చేతిలో 30 వేలున్నాయి, పాత పాటల్లో వినిపించే ఆ మెత్తటి, గుండ్రటి సౌండ్ వచ్చే బోలు గిటార్ కావాలి, ఇంట్లో వాయించుకోడానికి, ఎప్పుడైనా ఫంక్షన్లలో కూడా. నా జవాబు ఒక్క ముక్క: కొత్తది కొనకండి. ఈ ముక్క నాకు తెలిసొచ్చేలోపు ఒకరి రిసెప్షన్ పాడైంది, ఒక జాక్ (కేబుల్ గుచ్చే సాకెట్) గిటార్ కడుపులో పడింది, ఇంట్లో నా పరువు పోయింది. అందుకని కాస్త పొడుగ్గానే చెబుతాను.

నేను పేరున్న ఆర్టిస్టుని కాను. పగలు పోర్టు దగ్గర ఒక క్లియరింగ్ ఆఫీసులో కాగితాలు రాసుకుంటాను, సాయంత్రం పెదవాల్తేరులో మా మేడ మీద గదిలో గిటార్ పట్టుకుంటాను. చాలా ఏళ్లు అకూస్టిక్కే వాయించాను. హాలో బాడీ పిచ్చి తర్వాత పట్టింది.

మన ఊరికి ఒక అదృష్టం ఉంది, హైదరాబాదు వాళ్లకి లేనిది. నేవీ! ప్రతి ఏడూ ఎందరో కొచ్చికో ముంబైకో ట్రాన్స్‌ఫర్ అవుతుంటారు. ఫ్రిజ్జు, సోఫా, పిల్లల సైకిలు, వాటితోపాటు ఎవరిదో ఒకరిది గిటార్ కూడా అమ్మకానికి వస్తుంది. నాకు అలా దొరికిందే ఐబనెజ్ ఆర్ట్‌కోర్ ఏఎఫ్ 75. ఆయన 22 వేలు చెప్పాడు, 19 వేలకి ఇచ్చాడు. కింద వీధిలో లారీ నిలబడుంది, లోపల ప్యాకర్లు అట్టపెట్టెలకి టేపు వేస్తున్నారు. బేరం ఆడటానికి అంతకంటే మంచి టైము ఉండదు. కేసు కూడా ఇచ్చేశాడు, అందులో వాళ్లమ్మాయి రాసుకున్న గిటార్ కార్డ్స్ (chords) నోట్‌బుక్కుతో సహా.

ఆర్ట్‌కోర్ సిరీస్ 2002లో మొదలైంది. ఎక్కువగా చైనాలోనే చేస్తారు. 'చైనా మాలు' అని ముఖం చిట్లించే వాళ్లకి ఒక మాట. ఆ వరసలో నేను ఇప్పటిదాకా నాలుగు వాయించాను, నాలుగింటికీ మెడ తిన్నగానే ఉంది. అదే ఊళ్లోని ఒక షాపులో గోడకి వేలాడుతున్న కొత్త అకూస్టిక్‌లలో సగానికి పైగా తీగలు ఫ్రెట్ల (మెడ మీది లోహపు పట్టీల) నుంచి అర అంగుళం ఎత్తులో ఉన్నాయి. 'ప్లగ్ చేసి వింటానండీ' అంటే ఆ షాపాయన 'కొన్నాక వినండి' అన్నాడు. పెళ్లిచూపుల్లో అమ్మాయి మొహం పెళ్లయ్యాక చూపిస్తామన్నట్టుంది. అక్కడికి మళ్లీ వెళ్లలేదు.

సరే, రిసెప్షన్ కథ. గాజువాక వైపు ఒక కల్యాణ మండపం. కీబోర్డు, ప్యాడ్స్, ఇద్దరు సింగర్లు, నేను. కొత్త గిటార్ చూపించుకోవాలని నా ఆరాటం. స్టేజీకి రెండు వైపులా మనిషెత్తు స్పీకర్లు, నా ఆంప్, అంటే గిటార్ సౌండ్ పెంచే స్పీకర్ డబ్బా, సరిగ్గా నా వెనక. రెండో పాటలో ఐదో తీగ మీద ఒక నోటు పట్టుకున్నాను. ఆ నోటు ఆగలేదు. పెరిగింది. ఇంకా పెరిగింది. హాలంతా 'ఊఁఊఁఊఁ' అని ఒకటే మోత. భోజనాల వరసలో నిలబడ్డ ఒక పెద్దాయన వెనక్కి తిరిగి, 'ఏటి బాబూ, పోర్టులో ఓడ గానీ కదిల్నాదేటి?' అన్నాడు. మైకులో కూడా వినబడింది.

దీన్నే ఫీడ్‌బ్యాక్ అంటారు. గిటార్ లోపల బోలు కదా, స్పీకర్లోంచి వచ్చిన సౌండ్‌కి పైచెక్క ఊగుతుంది, చెక్క ఊగితే తీగ ఊగుతుంది, తీగ ఊగితే మళ్లీ స్పీకర్లోకి వెళ్తుంది. పాము తోకని అదే మింగినట్టు. ఇందుకే గిబ్సన్ వాళ్లు 1958లో ఈఎస్ 335 తెచ్చినప్పుడు నడుమ మేపుల్ చెక్క దిమ్మ ఒకటి పెట్టారు. రెండు పక్కలే బోలు, మధ్యలో గట్టిది. దాన్నే సెమీ హాలో అంటున్నాం. ఇది నాకు పుస్తకంలో తెలుసు. కానీ స్టేజీ మీద పుస్తకం గుర్తు రాదు, చెమటే వస్తుంది.

ఆ కంగారులో గబుక్కున పక్కకి తిరిగాను. కేబుల్ మీద పెళ్లివారి బుడ్డోడెవడో నిలబడ్డాడు. ప్లగ్ ఊడింది. మళ్లీ గుచ్చబోతే జాక్ లోపలికి జారి 'టక్' మంది. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. నట్టు ముందే వదులుగా ఉందన్నమాట, ఎప్పుడూ చూసుకోలేదు. నా దాన్లో జాక్ పక్క చెక్కకి ఉంటుంది. ఇప్పుడు అక్కడ ఉత్త చిల్లు. మిగతా రెండు గంటలూ స్టేజీ మీద తాళం వేస్తున్నవాడిలా చప్పట్లు కొడుతూ నిలబడ్డాను. డబ్బులు మాత్రం పూర్తిగా ఇచ్చారు, అదింకా సిగ్గు.

మర్నాడు పొద్దున్న గిటార్‌ని ఒళ్లో బోర్లించుకుని ఊపుతున్నాను. లోపల గలగల. మా పక్కింటి మావయ్య షిప్‌యార్డులో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాడు. గోడ మీంచి చూశాడు.

'ఏటల్లుడూ, ముంతలో చిల్లర ఏరతన్నావా?'

చెప్పాను. గోడ దిగి వచ్చాడు. బోలు లేని సాలిడ్ బాడీ గిటార్ అయితే వెనక నాలుగు స్క్రూలు తీస్తే లోపలంతా మన ముందుంటుంది. హాలో బాడీకి వెనక మూత లేదు. వాల్యూం, టోన్, స్విచ్చి, జాక్, ఏది బాగుచెయ్యాలన్నా పైనున్న ఎఫ్ ఆకారపు కన్నంలోంచే బయటికి లాగాలి, మళ్లీ అందులోంచే లోపలికి పంపాలి. నా వేలు రెండో కణుపు దాకానే వెళ్తుంది. మావయ్య టార్చి వేసి ఆ కన్నంలోకి ఒంటికన్నుతో చూశాడు. 'ఓరి, ఇంతేనా! పైపులో వైరు లాగడమే కదా' అన్నాడు.

పాత ఒకటో తీగ అడిగాడు. దాని చివర కొంచెం కొక్కెంలా వంచి, ఎఫ్ కన్నంలోంచి జాక్ వైర్లని బయటికి తీశాడు. ఇప్పుడు జాక్ గిటార్ పైన వేలాడుతోంది. తర్వాత అదే తీగని పక్క చిల్లులోంచి లోపలికి తోసి, ఎఫ్ కన్నం దగ్గర దాని మొన కనిపించేదాకా తిప్పాడు. మూడుసార్లు ఎటో పోయింది, నాలుగోసారి మెరిసింది. దానికి జాలరి నైలాన్ దారం కట్టి చిల్లులోంచి వెనక్కి లాగాడు. దారం ఒక కొస పక్క చిల్లు బయట, ఇంకో కొస ఎఫ్ కన్నం బయట. ఈ రెండో కొసని జాక్ నోట్లోంచి, అంటే మరలున్న వైపు నుంచి, దూర్చి, అవతల అగ్గిపుల్ల ముక్క కట్టి బిగించాడు. ఇక మెల్లగా లాగాడు. జాక్ ఎఫ్ కన్నంలోకి దిగింది, లోపల ఎక్కడో ఒకసారి తట్టుకుంది, ఆయన దారాన్ని కొంచెం సడలించి మళ్లీ లాగాడు. పక్క చిల్లులోంచి ఇత్తడి రంగు మరలు అలా తొంగిచూశాయి. 'వాషరేదీ, నట్టేదీ, చూస్తావేటి!' అని కేకేశాడు. నట్టు మండపంలోనే పోయింది. డాబాగార్డెన్స్ దాకా స్కూటర్ మీద వెళ్లి ఒక ఎలక్ట్రానిక్ సామాన్ల కొట్లో తెచ్చాను. అంతసేపూ ఆయన దారం వదలకుండా కుర్చీలో కూర్చుని మా ఆవిడ ఇచ్చిన టీ తాగుతూనే ఉన్నాడు.

ఇదంతా ఎందుకంటే, హాలో బాడీ కొనడమంటే ఈ సేవ కూడా కొనుక్కోవడమే. సెకండ్ హ్యాండ్‌లో వాల్యూం తిప్పితే గరగరమంటే 'ఆఁ, లోపల తిరిగే ఆ పాట్ (వాల్యూం భాగం) ఓ వందే కదా' అనుకోకండి. పాట్ వంద, దాన్ని లోపలికి పంపే ఓపిక వెయ్యి.

ఇక టోన్. అందరూ పికప్ (తీగ ఊపుని కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగం) ఏ కంపెనీది అని అడుగుతారు. నా అనుభవంలో పికప్ నాలుగోది. మొదటిది తీగలు. నా గిటార్ వచ్చినప్పుడు మామూలు 10 గేజి (గేజి అంటే తీగ లావు) రౌండ్‌వౌండ్ తీగలున్నాయి. టింగు టింగుమని ఏదో డబ్బా వాయిస్తున్నట్టుండేది, 19 వేలూ బూడిదలో పోశాననుకున్నాను. 12 గేజి ఫ్లాట్‌వౌండ్ వేశాక మా ఆవిడే కింద నుంచి 'రేడియో పెట్టావా?' అంది. ఫ్లాట్‌వౌండ్‌లో పైన చుట్టిన తీగ బల్లపరుపుగా ఉంటుంది, వేలు జరిపితే కీచుమనదు. మూడో తీగ కూడా చుట్టిందే వస్తుంది, అది లావు కాబట్టి మెడ పైకొసన తీగలు ఆనే పట్టీ (దాన్నీ నట్టే అంటారు) గాడి కొంచెం అరగదీయాల్సి రావచ్చు. ఖరీదెక్కువే. కానీ మన ఊరి గాలికి అదే చవక. మామూలు తీగలు మా మేడ మీద నెల తిరక్కుండా తుప్పు. ఫ్రెట్లయితే ఆకుపచ్చగా పాకురు పట్టినట్టవుతాయి. నికెల్ సిల్వర్ అంటారు గానీ అందులో వెండి లేదు, రాగి ఉంది, సముద్రపు గాలికి అది ఊరుకోదు. బీచ్ రోడ్డులో ఫ్లాటున్న మా ఫ్రెండు కేసులో సిలికా జెల్ పొట్లాలు వేస్తాడు. నేను వాయించాక పాత బనీను గుడ్డతో ప్రతి తీగనీ తుడుస్తాను. రెండూ చెయ్యండి.

తీగలు మార్చేటప్పుడు అన్నీ ఒకేసారి విప్పకండి! నా దాన్లో తీగలు ఆనే వంతెనని చెక్కకి బిగించలేదు, తీగల బరువుకే నిలబడుతుంది. నేను మొదటిసారి ఆరూ కత్తిరించేశాను. వంతెన జారి మంచం కిందకి పోయింది, మళ్లీ ఎక్కడ పెట్టాలో తెలీదు. పన్నెండో ఫ్రెట్ దగ్గర తాకీ తాకనట్టు మీటితే వచ్చే హార్మోనిక్‌నీ నొక్కిన నోటునీ పోల్చుకుంటూ ఒక రాత్రంతా పట్టింది.

తీగల తర్వాత ఆంప్, ఆ తర్వాత మీ చెయ్యి. టోన్ నాబ్ అనేది గిటార్ మీద ఒకటుందని మనవాళ్లలో చాలామందికి తెలీదు. పదిలో పెట్టి వదిలేస్తారు. మెడ దగ్గరి పికప్ పెట్టుకుని నాబ్ నాలుగుకి తిప్పండి, జాజ్ గిటారిస్టు వెస్ మాంట్‌గామరీ లాగా పిక్ లేకుండా బొటనవేలితో మీటి చూడండి. ఆయనంత రాదు గానీ, గిటార్ మార్చినంత తేడా వస్తుంది. యూట్యూబు రివ్యూలు చూసి మోసపోకండి, రివర్బ్ (గది ప్రతిధ్వని) పోసి మా మావయ్య దారం మీటినా గంధర్వగానంలాగే ఉంటుంది.

'సాలిడ్ టాప్ ఉందా?', అంటే పైచెక్క పొరలు కాకుండా గట్టి చెక్కా అని, ఇంకో జబ్బు, అకూస్టిక్ కొట్ల దగ్గర అంటుకున్నది. 1949లో వచ్చిన గిబ్సన్ ఈఎస్ 175, జాజ్ గిటార్ అనగానే అందరూ చెప్పే పేరు, దాని పైచెక్కే పొరలు అతికించిన మేపుల్. పొరల చెక్క తక్కువ ఊగుతుంది, ఓడ కూత కూడా తక్కువే. మరి ఇక్కడ సాలిడ్ టాప్ కోసం ఏడుపెందుకు?

పీ 90 పికప్‌లున్నవి బాగుంటాయి. 1961లో వచ్చిన ఎపిఫోన్ క్యాసినో అదే రకం, పూర్తి బోలు, బీటిల్స్ వాళ్లు వాయించారు. కానీ అవి సింగిల్ కాయిల్, అంటే ఒకే తీగచుట్ట, కరెంటు హమ్ పట్టుకుంటాయి. మన అద్దె ఇళ్లలో మూడు చిల్లుల సాకెట్ ఉంటుంది, మూడో చిల్లులో ఎర్త్ ఉండదు. మా ఓనర్ గారికి నాలుగేళ్లుగా చెబుతున్నాను. 'ఫ్యాను తిరుగుతోంది కదా బాబూ' అంటారు. కాబట్టి మీరు ఆ హమ్‌ని తగ్గించే రెండు చుట్టల పికప్‌లు, హంబకర్లే తీసుకోండి.

చివరికి ఏది కొనాలంటే: ఇంట్లోనే అయితే ఆర్ట్‌కోర్ ఏఎఫ్ వరసలో సెకండ్ హ్యాండ్. స్టేజీ ఎక్కే ఉద్దేశం ఏ మూలో ఉన్నా ఆర్ట్‌కోర్‌లోనే ఏఎస్ వరస గానీ ఎపిఫోన్ డాట్ గానీ, మధ్యలో దిమ్మ ఉన్నవి. గ్రెట్ష్ స్ట్రీమ్‌లైనర్ చూడ్డానికి అందంగా ఉంటుంది, మీ డబ్బుకి అందకపోవచ్చు. 30లో 20 గిటార్‌కి, 8 క్లీన్ సౌండ్ ఇచ్చే ఆంప్‌కి, మిగతాది తీగలకి. ఏఎఫ్‌తోనే స్టేజీ ఎక్కాల్సి వస్తే ఎఫ్ కన్నాల్లో పరుపు స్పాంజి ముక్కలు కుక్కండి, బేస్ తగ్గించండి, స్పీకర్‌కి ఎదురుగా నిలబడకండి.

ట్రాన్స్‌ఫర్ల సీజన్ దాకా ఆగండి. చూడ్డానికి వెళ్లినప్పుడు ఆంప్, కేబుల్ మీరే పట్టుకెళ్లండి. ముందుగా జాక్ నట్టుని వేళ్లతో తిప్పి చూడండి. తిరిగిందంటే ఐదొందలు తగ్గించమనండి, తగ్గిస్తారు.