మైనర్ కొడుకు బండి నడిపితే కేసు ఎవరి మీద?

ప్రశ్న: లాయర్ గారూ, మాది హైదరాబాద్. మా అబ్బాయికి పదిహేడేళ్లు, ఇంటర్ సెకండియర్. పోయిన వారం మా ఆవిడ పేరున ఉన్న స్కూటర్ మీద ట్యూషన్‌కు వెళ్తుంటే ట్రాఫిక్ పోలీసులు ఆపి, లైసెన్స్ లేదని బండి పెట్టేసుకున్నారు. తల్లిదండ్రులిద్దరూ అబ్బాయిని వెంటబెట్టుకుని కౌన్సెలింగ్‌కు రమ్మన్నారు. బండి తాళం హాల్లో కొక్కేనికే ఉంటుంది, వాడు అప్పుడప్పుడూ తీసుకెళ్తుంటాడు. కౌన్సెలింగ్‌కు వెళ్తే అక్కడితో అయిపోతుందని పక్కింటాయన అంటున్నారు. మా బావమరిదేమో మూడేళ్లు జైలంటున్నాడు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. అక్కడ సంతకం పెడితే నేరం ఒప్పుకున్నట్టేనా?

జవాబు: మీ బావమరిది చెప్పిన మాట చట్టంలో ఉంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో 199ఏ సెక్షన్ వచ్చింది. మైనర్ బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడు లేదా బండి యజమాని దోషి అవుతారు. మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది. అబ్బాయికి 25 ఏళ్లు నిండేదాకా లెర్నర్ లైసెన్స్ కూడా ఇవ్వరు. మూడేళ్లన్నది గరిష్ఠ పరిమితి. కోర్టు అంతా వేసి తీరాలని లేదు. అయితే ఇది రోడ్డు మీద చలానా కట్టి ముగించుకోగల నేరాల జాబితాలో లేదు. కేసు పెడితే కోర్టుకు వెళ్లాల్సిందే.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన వాక్యం తాళం గురించి రాసింది. ఈ సెక్షన్ కింద, మైనర్ బండి తీశాడంటే పెద్దల సమ్మతితోనే తీశాడని కోర్టు ముందే అనుకుంటుంది. తెలియకుండా తీశాడనో, తీయకుండా మేం తగిన జాగ్రత్త పడ్డామనో రుజువు చేసుకోవాల్సిన బాధ్యత మీ మీదే ఉంటుంది. తాళం అందరికీ అందేలా కొక్కేనికి ఉంది, వాడు అప్పుడప్పుడూ తీస్తాడని మీకు తెలుసు. ఈ పరిస్థితిలో ఆ రుజువు చాలా కష్టం. బండి మీ ఆవిడ పేరున ఉంది కాబట్టి యజమానిగా ఆమె పేరూ, సంరక్షకుడిగా మీ పేరూ రావచ్చు. ఇలాంటప్పుడు కొందరు ‘అప్పుడు నడిపింది వాళ్లన్నయ్య అని చెబుదామా’ అని అడుగుతారు. ఆ పని చేయకండి. అబద్ధపు సాక్ష్యం చెబితే అది ఇంకో నేరం.

ఇక కౌన్సెలింగ్ సంగతి. 199ఏలో ఆ మాటే లేదు. వెళ్లినంత మాత్రాన కేసు రద్దవదు, వెళ్తే కేసు పెరగదు కూడా. హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసులకు గోషామహల్, బేగంపేటల్లో శిక్షణ సంస్థలున్నాయి. తాగి నడిపినవాళ్లనీ, మైనర్లనీ ఇంట్లోవాళ్లతో సహా పిలిచి మాట్లాడతారు. చలానాల కంటే ఇదే మేలైన పని అని నా గట్టి అభిప్రాయం. పిల్లవాడికి ఒక్కడికే చెబితే గుమ్మం దిగేలోపు మర్చిపోతాడు. అమ్మానాన్నల్ని పక్కన కూర్చోబెట్టి ‘తాళం ఎవరిచ్చారు?’ అని అడిగితే ముగ్గురికీ తగులుతుంది. తప్పకుండా వెళ్లండి.

సంతకం గురించి మీ భయం సహజమే. పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారం నిందితుడిపై సాక్ష్యంగా చెల్లదని భారతీయ సాక్ష్య అధినియం 23వ సెక్షన్ చెబుతోంది. ‘ఇకపై మా అబ్బాయికి బండి ఇవ్వం’ అనే హామీ పత్రమైతే చదివి సంతకం చేయొచ్చు. ఖాళీ కాగితం మీద మాత్రం ఎవరడిగినా చేయొద్దు. పెట్టిన కాగితానికి ఫోటో తీసుకోండి.

బండి పెట్టుకునే అధికారం 207వ సెక్షన్ కింద పోలీసులకు ఉంది. దానికి రసీదు ఇవ్వాలి. ఇవ్వకపోతే మర్యాదగానే గట్టిగా అడగండి. ఆర్‌సీ, ఇన్సూరెన్స్ పత్రాలతో విడుదలకు దరఖాస్తు చేయాల్సింది యజమాని కాబట్టి మీ ఆవిడ వెళ్లాలి. అబ్బాయి విషయంలో ఒకటి గుర్తుంచుకోండి: బాలన్యాయ చట్టం ప్రకారం వాణ్ని లాకప్‌లో పెట్టకూడదు, వాడి వ్యవహారం జువెనైల్ జస్టిస్ బోర్డు చూస్తుంది. ఆ చట్టం కింద నడిచిన కేసు వాడి చదువుకో, ఉద్యోగానికో అనర్హత కాదు.

నాకు ఈ కేసు కంటే ఎక్కువ భయం వేరే ఉంది. ఆ రోజు పోలీసులు ఆపకుండా, వాడు ఎవరినైనా గుద్ది ఉంటే? లైసెన్స్ లేనివాడు నడిపాడని ఇన్సూరెన్స్ కంపెనీ వాదిస్తుంది. బాధితులకు ముందు కంపెనీ చెల్లించి, ఆ సొమ్మును యజమాని నుంచి వసూలు చేసుకోమని కోర్టులు చెప్పిన సందర్భాలున్నాయి. అంటే లక్షల్లో పరిహారం మీ ఆవిడ మెడకు చుట్టుకుంటుంది. డబ్బు సరే, వాడికే ఏమైనా జరిగితే ఏ కోర్టూ ఏమీ చేయలేదు.

పదహారేళ్లకే లైసెన్స్ ఇస్తారు కదా అని కొందరంటారు. అది 50 సీసీ మించని ఇంజిన్ బండికి మాత్రమే. మీ ఆర్‌సీలో సీసీ అంకె చూడండి. ఇప్పుడు ఇళ్లలో ఉండే స్కూటర్లు 110, 125 సీసీవే. కొత్త ఎలక్ట్రిక్ బండి కొనాలనుకుంటే, లైసెన్స్ అక్కర్లేనివి నిబంధనల్లో చెప్పిన 250 వాట్ల లోపు మోటారుతో, గంటకు 25 కిలోమీటర్లకు మించని వేగంతో నడిచేవే. తర్వాత మెకానిక్‌తో వేగం పెంచుకుంటే అది మోటారు వాహనమైపోతుంది, మళ్లీ 199ఏకే వస్తారు.

ఇప్పటికి తాళం బీరువాలో పెట్టండి, ట్యూషన్‌కు బస్ పాస్ తీయించండి. కోర్టు నుంచి సమన్లు వస్తే వాయిదా తప్పించుకోకుండా, మొదటి తేదీకే లాయర్‌తో హాజరవ్వండి. కౌన్సెలింగ్‌కు వెళ్లినట్టు ఏదైనా కాగితం ఇస్తే జాగ్రత్తగా దాచి ఆ రోజు తీసుకెళ్లండి. శిక్ష ఎంత వేయాలో నిర్ణయించేటప్పుడు మీ లాయర్ దాన్ని మెజిస్ట్రేట్ గారి దృష్టికి తీసుకురావచ్చు.