మానని పుండుతో బతికేవారి జీవన నాణ్యతను ప్రశ్నాపత్రంతో కొలవగలమా?

కొలుస్తూనే ఉన్నారు. అడిగే తీరు మారనంత వరకు వచ్చే అంకె ఎందుకూ కొరగాదని మాత్రం నా గట్టి అభిప్రాయం. నర్సింగ్ ప్రాజెక్టు కోసం అడుగుతున్నానని రాశారు కాబట్టి, మా నాన్న చేత అలాంటి పత్రం నింపించినప్పుడు పక్కన కూర్చుని చూసింది చెబుతాను.

నాన్నకు ఎప్పటి నుంచో షుగరు. కుడి అరికాల్లో, బొటనవేలి మొదట్లో ఆనెలా మొదలై పుండయింది. పాదాల్లో స్పర్శ పోయిందని ఆసుపత్రిలో ముందే తేల్చారు. కళ్ళు మూసుకోమని, 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ దారాన్ని అరికాలికి ఆనించి, తగిలినప్పుడు చెప్పమంటారు. దారం ఒక్కోచోటా వంగి లేస్తోంది. నాన్న కళ్ళు మూసుకునే, 'ఇంకా మొదలుపెట్టలేదా బాబూ?' అన్నారు.

తర్వాతెప్పుడో డ్రెస్సింగ్ గది బయట బెంచీ మీద ఉండగా ఒక పీజీ విద్యార్థిని అట్టకు బిగించిన కాగితాలతో వచ్చింది. అది వూండ్-క్వాల్ అనే పత్రం, 2014లో జర్మనీలో తయారైంది. 17 ప్రశ్నలు, అన్నీ గత ఏడు రోజుల గురించే. ఇబ్బంది లేకపోతే 0, చాలా ఎక్కువైతే 4.

'పుండు నొప్పి పెట్టిందా తాతగారూ?'

'లేదమ్మా.' నిజమే, స్పర్శ ఉంటే కదా.

'వాసన?'

'లేదమ్మా.' రసి వాసన ఇంట్లో ఎవరికీ తగలకూడదని తన మంచాన్ని తానే పట్టుబట్టి వసారాలో వేయించుకున్న మనిషి చెప్పిన జవాబు ఇది.

'మెట్లు ఎక్కడానికి కష్టమవుతోందా?'

'అబ్బే, ఏ కష్టమూ లేదు.' ఎలా ఉంటుంది? మేడ మీదికి వెళ్ళడం మానేసి ఏడాది దాటింది!

'ఇతరుల మీద ఆధారపడాల్సి వస్తోందా?' అనగానే నా వైపు చూసి, 'మా అమ్మాయి ఉందిగా, అందులో ఆధారపడటం ఏముంది?' అన్నారు. ఆ విద్యార్థిని వరుసగా సున్నాలకు టిక్కులు పెట్టుకుంటూ పోయింది. ఆ కాగితం ప్రకారం మా నాన్న నాకన్నా సుఖంగా ఉన్నారు.

నేను ఊరుకోలేదు. 'ఇందులో సగం మొహమాటమమ్మా' అన్నాను. 'పేషెంటు చెప్పిందే రాయాలి మేడం' అంది. ఆ నియమం ఎందుకు పెట్టారో నాకూ తెలుసు. డాక్టర్లు పుండు పొడవూ వెడల్పూ సెంటీమీటర్లలో రాసుకుని ఊరుకుంటుంటే, రోగి మాట కూడా వినాలని ఇలాంటి పత్రాలు తెచ్చారు. మంచిదే. కానీ మన పెద్దవాళ్ళు మనవరాలి వయసు పిల్ల ముందు తమ గోడు వెళ్ళబోసుకుంటారా? 'ఏదో, అలా గడిచిపోతోంది' అనేసి, ఆ పిల్లనే భోంచేశావా అని అడుగుతారు.

ఈక్యూ-5డీ అని, ఏ జబ్బుకైనా వాడే ప్రశ్నాపత్రం ఇంకొకటి ఉంది. నడక, సొంత పనులు, రోజువారీ వ్యవహారాలు, నొప్పి, ఆందోళన లేదా దిగులు, ఈ ఐదింటి మీద అడుగుతారు. మళ్ళీ నొప్పి! షుగరు పాదానికి నొప్పి తెలియకపోవడమే అసలు ముప్పు.

నన్నడిగితే మొదటి ప్రశ్న ఇది: పుండు వచ్చాక ఏమేం మానేశారు? నాన్నను ఇలా అడిగి ఉంటే కాగితం చాలేది కాదు. గుడి మానేశారు. చెప్పులు లేకుండా అడుగు వేయవద్దని డాక్టరు అంటారు, షుగరు పాదాల కోసం మెత్తటి రబ్బరుతో చేసే ఎం.సి.ఆర్. చెప్పులతో ధ్వజస్తంభం దాకా వెళ్తానంటే పూజారి ఒప్పుకుంటాడా? పెళ్ళిళ్ళు మానేశారు. కట్టు తడిసి తెల్ల పంచె మీద మరక పడుతుందని భయం.

పప్పు కూడా మానేశారు. ఇది మాత్రం పరామర్శకు వచ్చినవాళ్ళ పుణ్యం. పప్పు తింటే చీము పడుతుందట, వంకాయ తింటే దురద పెడుతుందట, గుడ్డు వేడట! పుండు పూడాలంటే మాంసకృత్తులు కావాలి మొర్రో అని డైటీషియన్ చెబుతుంటే, అరటిపళ్ళు పట్టుకొచ్చిన చుట్టాలు, అదీ షుగరు మనిషికి, ముద్దపప్పులో ఆవకాయ కలుపుకుని తినే ఆయన్ని చారునీళ్ళకు దింపారు. ఆ 17 ప్రశ్నల్లో తిండి గురించి ఒక్కటీ లేదు. జర్మనీవాళ్ళకు మన ముద్దపప్పు గొడవ తెలియదు సరే, ఇక్కడ వాడేవాళ్ళకైనా తట్టాలి కదా.

కాబట్టి మీ ప్రాజెక్టులో ఆ పత్రాన్ని ఉన్నదున్నట్టు వాడుకోండి, అంకెలు మార్చకండి. దాని పక్కన ఇంకో కాగితం పెట్టి, మానేసినవాటిని రోగి మాటల్లోనే రాయించండి. వీలైతే ఇంటికి వెళ్ళి, కట్టు విప్పే వేళకు అడగండి. కట్టు మార్చేవాళ్ళను విడిగా, రోగికి వినపడనంత దూరంలో కూర్చోబెట్టి మాట్లాడించండి. అవన్నీ లెక్కలోకి రావని మీ గైడు అంటే, వాళ్ళింట్లో షుగరు ఉన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారేమో మెల్లగా కనుక్కోండి.