జీడితోట గుత్త మీద పరిశోధన: జర్నల్‌కు పంపే ముందు

ప్రశ్న: అయ్యా, మాది గజపతి జిల్లాలో పర్లాకిమిడి దగ్గర ఒక పల్లె. మా వైపు జీడితోటలను పూత రాకముందే నోటిమాట మీద గుత్తకు ఇచ్చి, అడ్వాన్సు పుచ్చుకుంటారు. కొనేవారిలో పలాస వ్యాపారులు కూడా ఉంటారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు చెట్లు పడిపోయాక ఆ అడ్వాన్సు ఎవరికి చెందాలన్న తగాదాల మీద ఎల్‌ఎల్‌.ఎం.లో డిజర్టేషన్ రాశాను. ఒక పత్రికవారు నాలుగు వేలు కడితే వారం రోజుల్లో వేస్తామని ఈమెయిలు పంపారు. కట్టవచ్చా? డిజర్టేషన్‌ను ఉన్నదున్నట్టు పంపితే చాలా?
— ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: అమ్మా, ఆ డబ్బు కట్టవద్దు. వారం రోజుల్లో వేస్తామన్నారంటే మీ వాదనను ఆ రంగం తెలిసినవారెవరూ చదవబోవడం లేదని అర్థం. మంచి న్యాయ పత్రికలో రచయిత పేరు తీసేసిన ప్రతిని ఇద్దరు ముగ్గురు సమీక్షకులు చదివి, ఇక్కడ ఆధారం చాలలేదని, అక్కడ ఫలానా తీర్పును పట్టించుకోలేదని రాసి పంపుతారు, ఆ దిద్దుబాట్లకే నెలలు పడుతుంది. ఎనిమిది అంకెల ఐఎస్‌ఎస్‌ఎన్ ఉందని ఆ ఈమెయిలులో గొప్పగా రాసి ఉండవచ్చు. అది పత్రికను గుర్తించే సంఖ్యే తప్ప నాణ్యతకు పూచీ కాదు. విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీ, నమ్మదగిన పత్రికల పేర్లతో నడిపిన తన కేర్ జాబితాను 2025 ఫిబ్రవరిలో ఎత్తివేసింది కాబట్టి, ఆ జాబితాలో ఉన్నామని ఎవరైనా ఇప్పటికీ చెప్పుకొంటుంటే దాన్నిబట్టి నిర్ణయానికి రాకండి. సంపాదక మండలిలో ఎవరున్నారు, గత రెండేళ్ల సంచికల్లో కాంట్రాక్టు చట్టం మీద ఎలాంటి వ్యాసాలు వచ్చాయి అన్నది మీరే చదివి చూడండి. ఢిల్లీలోని ఇండియన్ లా ఇన్‌స్టిట్యూట్ జర్నల్, బెంగళూరు నేషనల్ లా స్కూల్ ఆఫ్ ఇండియా రివ్యూ వంటివి ఒకసారి తిరగేస్తే పోల్చి చూడటానికి మీకొక కొలత దొరుకుతుంది.

ఇక అసలు సంగతి. డిజర్టేషన్ వేరు, జర్నల్ వ్యాసం వేరు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం పుట్టుక, ప్రతిపాదన, అంగీకారం, ప్రతిఫలం అంటూ మీరు రాసిన తొలి అధ్యాయాలు పరీక్షకులకు అవసరమయ్యాయి, జర్నల్ పాఠకుడికి అవి ముందే తెలుసు. వ్యాసంలో ఒక్క ప్రశ్న ఉండాలి. మీ సామగ్రిలో ఆ ప్రశ్న ఉంది, దాన్ని మీరు గుర్తించారో లేదో మీ ఉత్తరాన్నిబట్టి తెలియడం లేదు.

తోట పడిపోయింది కాబట్టి కాంట్రాక్టు చట్టం 56వ సెక్షన్ ప్రకారం ఒప్పందం చెల్లదని, 65వ సెక్షన్ ప్రకారం అడ్వాన్సు తిరిగి ఇవ్వాలని చాలామంది నేరుగా తేల్చేస్తారు. అయితే గుత్త అంటే చట్టం దృష్టిలో ఏమిటన్నది ముందుగా తేలాలి. రాబోయే పంటను అమ్మడమే అయితే అది 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం కిందికి వస్తుంది, ఎందుకంటే ఒప్పందం ప్రకారం కోయవలసిన పైరును ఆ చట్టం సరుకుగానే లెక్కిస్తుంది. ఫలానా పొలంలో పండే బంగాళాదుంపలను అమ్ముతానన్న రైతు, తెగులు సోకి పంట పోయినప్పుడు, నష్టపరిహారం చెల్లించనక్కరలేదని 1876లో ఇంగ్లండు కోర్టు చెప్పిన హోవెల్ కేసు అప్పుడు మీకు పనికివస్తుంది. గుత్తదారు ఏళ్ల తరబడి తోటలోకి వచ్చి కాయ ఏరుకుపోయే హక్కు పొందాడంటే, వెదురు నరికే ఒప్పందాన్ని సరుకు అమ్మకం కాదని, భూమి నుంచి వచ్చే ఫలంపై హక్కు అని సుప్రీంకోర్టు తేల్చిన 1985 నాటి టిటాఘర్ పేపర్ మిల్స్ తీర్పు ఎదురవుతుంది. అది మీ ఒడిశా రాష్ట్రం కక్షిదారుగా ఉన్న కేసే. తోటనే స్వాధీనం చేసి ఉంటే అది కౌలు అవుతుంది, అప్పుడు 56వ సెక్షనే వర్తించదని 1968లో రాజా ధ్రువ్‌దేవ్ చంద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్‌లో తుపాను మాట నేరుగానే ఉన్నా, అదే చట్టంలోని 117వ సెక్షన్ వ్యవసాయ కౌళ్లను పక్కన పెడుతుంది కనుక ఆ ముడినీ విప్పాలి. తోట యజమాని గిరిజనుడై, భూమి షెడ్యూల్డు ప్రాంతంలో ఉంటే గిరిజనుల భూముల బదిలీని కట్టడి చేసే ఒడిశా 1956 నాటి రెండో నంబరు రెగ్యులేషన్ అడ్డువస్తుంది, అప్పుడు చట్టవిరుద్ధమైన ఒప్పందాల గురించి చెప్పే కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ దాకా వెళ్లవలసి ఉంటుంది.

అందుచేత మీ తోటల్లో మనుషులు వాడిన మాటలే మీకు ప్రధానమైన ఆధారం. 'పంట ఇచ్చాను' అన్నారా, 'తోట ఇచ్చాను' అన్నారా, కంచె ఎవరు వేశారు, కాపలా ఎవరు కాశారు, మందు ఎవరు కొట్టించారు, పడిన చెట్ల కలప ఎవరు తీసుకున్నారు అన్నవి వ్యాసంలోకి రావాలి. రైతు తెలుగులో చెప్పిన వాక్యాన్ని ముందు అలాగే ఉంచి, పక్కన ఇంగ్లీషులో అర్థం రాయండి. గుత్త అన్న మాటను తొందరపడి లీజు అని అనువదిస్తే, మీరు నిరూపించవలసిన విషయాన్ని ముందే ఒప్పుకున్నట్టవుతుంది. మాట్లాడినవారి అనుమతి తీసుకుని, పేర్లూ ఊళ్లూ మార్చండి. తగాదా ఇంకా పెద్దమనుషుల ముందో కోర్టులోనో నడుస్తుంటే ఈ జాగ్రత్త మరింత అవసరం.

పాత తీర్పులు వెతికేటప్పుడు సరిహద్దు చరిత్రను మరవకండి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది, ఆ తరువాత 1948లో కటక్‌లో హైకోర్టు వచ్చేదాకా పట్నా హైకోర్టు పరిధి నడిచింది. కటక్ తీర్పులతో ఆగిపోతే సగం వెతికినట్టే. సుప్రీంకోర్టు తీర్పులు ఆ కోర్టువారే నడిపే ఈ-ఎస్‌సీఆర్ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. నోటిమాట రుజువు గురించి రాసిన చోట, 2024 జూలై 1 నుంచి 1872 నాటి సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చిందని గుర్తుంచుకుని సెక్షన్ల సంఖ్యలు సరిచూడండి.

ఒకేసారి రెండు పత్రికలకు పంపవద్దు. అమెరికాలో విద్యార్థులు నడిపే లా రివ్యూలకు ఆ అలవాటు ఉంది గానీ మన దేశంలో సాధారణంగా ఒప్పుకోరు. పాదసూచికలు ఆ పత్రిక అడిగిన పద్ధతిలోనే ఉండాలి. ఇది చిన్న విషయంగా తోచినా, సంపాదకులు మొదట చూసేది దాన్నే.

వ్యాసం అంగీకరించాక ఒక పత్రం పంపి సంతకం చేయమంటారు. కాంట్రాక్టు చట్టం చదివినవారు కూడా దాన్ని చదవకుండా సంతకం పెట్టడం చూసి నేను చాలాసార్లు బాధపడ్డాను. కాపీరైటు మొత్తం రాసిస్తున్నారా, ప్రచురించే అనుమతి మాత్రమే ఇస్తున్నారా అన్నది అందులో చూడండి. 1957 నాటి కాపీరైటు చట్టం 19వ సెక్షన్ ప్రకారం బదిలీ లిఖితపూర్వకంగా ఉండాలి, గడువు రాయకపోతే ఐదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకుగా భావిస్తారు. ఈ వ్యాసాన్ని తెలుగులో రాసి మీ ఊరివారికి అందించే హక్కును మీ దగ్గరే ఉంచుకుంటామని అడగండి. అడిగితే ఇచ్చేవారు ఉన్నారు.

ప్రశ్న: మార్గదర్శకులైన గురువుగారు వ్యాసంలో తమ పేరు ముందు వేయమంటున్నారు. వారు ఒక్క పేజీ కూడా రాయలేదు. కాదంటే బాగుండదేమో.
— ఒక పరిశోధక విద్యార్థి, బరంపురం

జవాబు: రాసినవారు, వాదనను రూపొందించడంలో నిజంగా పాలుపంచుకున్నవారు మాత్రమే రచయితలు. చదివి సలహా చెప్పినందుకు మొదటి పాదసూచికలో పేరు చెప్పి కృతజ్ఞత తెలపడం మర్యాద, న్యాయ పత్రికల్లో అదే ఆనవాయితీ. మీ చిత్తుప్రతులను తేదీలతో సహా దాచుకోండి. ఆ పత్రికవారి రచయితల నియమావళిని గురువుగారి ముందుంచి, ఎవరెవరు ఏ భాగం రాశారో ప్రకటించమని అడుగుతున్నారని వినయంగా చెప్పండి. అప్పటికీ ఒప్పుకోకపోతే, ఆ పేరుతో వ్యాసాన్ని పంపకుండా విభాగాధిపతికి రాతపూర్వకంగా తెలియజేయండి.